పురుగుల సెరొటోనిన్ గ్రాహకాలు: మూయాలా, తెరవాలా?

పొట్టలోని ఏలికపాములు, కొంకిపురుగులు, గొర్రెల్లో నట్టలు, పశువుల కాలేయంలో జలగలు, శోషరస నాళాల్లో బోదకాలు పురుగులు. ఇన్ని రకాల పురుగుల మీద వాడటానికి మన దగ్గరున్న మందులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మట్టి ద్వారా సోకే పేగు పురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రక్తనాళాల్లో కాపురముండే షిస్టోసోమా పురుగుల బెడద వల్ల 2021లో 25 కోట్ల మందికి పైగా నివారణ చికిత్స అవసరమైంది. వాళ్లందరికీ ఆచరణలో ఉన్న మందు ఒక్కటే, ప్రాజిక్వాంటెల్. గొర్రెల నట్టలు బెంజిమిడజోల్ జాతి మందులకు లొంగకపోవడం మన దేశంతో సహా అనేక చోట్ల కనిపిస్తోంది. కాలేయపు జలగ మీద ప్రధానమైన ట్రైక్లాబెండజోల్‌కీ చాలా దేశాల్లో అదే గతి పడుతోంది. కాబట్టి పురుగు శరీరంలో మందు పట్టుకోవడానికి కొత్త చోటు కావాలి. ఆ వెతుకులాటలో దశాబ్దాలుగా మళ్లీ మళ్లీ ముందుకొస్తున్న పేరు సెరొటోనిన్ గ్రాహకం. కణం పొరలో కూర్చుని, బయటినుంచి వచ్చిన సెరొటోనిన్ అణువును గుర్తుపట్టి, లోపలికి కబురందించే ప్రోటీన్ ఇది.

ఆశ పాతదే, ఫలితమే రాలేదు. సెరొటోనిన్ గ్రాహకమే ప్రధాన లక్ష్యంగా తయారై, పురుగుల మీద మామూలుగా వాడుకలోకి వచ్చిన మందు ఇప్పటికి ఒక్కటీ లేదు. లక్ష్యమే తప్పని కొందరంటారు. సరైన అణువు దొరకలేదని మరికొందరంటారు. లక్ష్యాన్ని ముందే నిర్ణయించుకుని మందు వెతకడమే దండగ అనేవాళ్లూ ఉన్నారు. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వ్యాసకర్తకు తోచేది వేరు. పురుగులన్నిటికీ కలిపి ఒకే ప్రశ్న వేయడం దగ్గరే చర్చ చిక్కుపడింది. ఏలికపాము, నట్ట లాంటి గుండ్రటి పురుగుకీ జలగ, షిస్టోసోమా లాంటి బల్లపరుపు పురుగుకీ ఉమ్మడి పూర్వీకుడు కావాలంటే 50 కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ఆ రెంటిలో సెరొటోనిన్ చేసే పని దాదాపు తలకిందులు. ఏ పురుగు, ఏ గ్రాహకం, దాన్ని మూయాలా తెరవాలా అని విడదీసి అడిగితే సాక్ష్యం ఒకవైపుకు మొగ్గుతుంది. ఆతిథేయి శరీరంలో లేని గ్రాహకాన్ని తెరిచి ఉంచే మందు వైపు.

1957లో ఒక కాలేయపు జలగ

సెరొటోనిన్ చరిత్ర పురుగులతో మొదలు కాలేదు. 1930లలో ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ పేగు పొరల్లో కనిపెట్టి ఎంటరమిన్ అన్నదీ, 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ రక్తంనుంచి వేరుచేసి సెరొటోనిన్ అన్నదీ ఒకే పదార్థమని తర్వాత తేలింది. 1953లో బెట్టీ ట్వరాగ్, పేజ్ దాన్ని క్షీరదాల మెదడులో చూపించారు. అంతకుముందే సముద్రపు ఆల్చిప్పల కండరాల మీద సెరొటోనిన్ పనిని పరిశీలించింది ట్వరాగే. అంటే వెన్నెముక లేని జీవుల్లో ఇది నాడీ కబురు మోస్తుందన్న ఊహ మనిషి మెదడు గురించిన ఊహతో దాదాపు కలిసే పుట్టింది.

పురుగుల వైపు ఆ ఊహను గట్టిగా లాక్కొచ్చినవాడు టాగ్ మన్సూర్. 1957లో అతను కాలేయపు జలగ ఫాసియోలా హెపాటికా మీద సెరొటోనిన్ వేసి చూశాడు. జలగ చురుగ్గా కదిలింది. సెరొటోనిన్‌ను పోలిన ఎల్‌ఎస్‌డి వేస్తే అదే ఫలితం వచ్చింది. ఎల్‌ఎస్‌డికి బ్రోమిన్ తగిలించిన రూపం మాత్రం కదలికను అణిచింది. జన్యువుల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో, కేవలం ఒక అణువు పురికొల్పడం, దాని తోబుట్టువు అడ్డుకోవడం చూసి, జలగ ఒంట్లో సెరొటోనిన్‌ను గుర్తుపట్టే నిర్దిష్టమైన చోటు ఉందని చెప్పగలగడం ఆనాటి ఔషధశాస్త్రం సాధించిన విజయం. అదే ఏడాది గాడమ్, పికరెల్లీ గినీపందుల పేగు మీద ప్రయోగాలతో క్షీరదాల్లో సెరొటోనిన్ గ్రాహకాలు రెండు రకాలుగా ఉన్నాయని చూపారు. మనిషి వైపు పరిశోధన ఆ రెండునుంచి 14 ఉపరకాల దాకా పెరిగింది. పురుగుల వైపు మాత్రం చాలాకాలం అక్కడే నిలిచిపోయింది.

మన్సూర్ చూసింది కదలిక ఒక్కటే కాదు. సెరొటోనిన్ తగలగానే జలగ చక్కెరను వేగంగా విరగ్గొట్టింది. 1960లో సదర్లాండ్, రాల్, బ్యూడింగ్‌లతో కలిసి చేసిన పరిశోధనలో, సెరొటోనిన్ జలగ కణాల్లో చక్రీయ ఎఎమ్‌పి అనే అంతర్గత వార్తాహరుణ్ణి తయారుచేయిస్తుందని తేలింది. మన కాలేయంలో అడ్రినలిన్ చేసే పనిని జలగలో సెరొటోనిన్ చేస్తోందన్నమాట. ఆ వార్తాహరుణ్ణి కనిపెట్టినందుకు సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. దాని తొలినాళ్ల చరిత్రలో గొర్రె కాలేయంలోని ఒక జలగకు వాటా ఉందన్న సంగతి ఎక్కువమందికి తెలియదు.

జన్యువు చేతికి రావడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది. 2009లో షిస్టోసోమా జన్యుపటాలు వెలువడ్డాక దారి సుగమమైంది. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పౌలా రిబీరో బృందం షిస్టోసోమా మాన్సోనీలో సెరొటోనిన్ గ్రాహకాన్ని వేరుచేసి, మానవ కణాల్లో పెంచి, అది చక్రీయ ఎఎమ్‌పినే పెంచుతుందని నిర్ధారించింది. మనిషిలోని ఏడవ రకం గ్రాహకానికి ఇది దూరపు చుట్టం. పురుగు ఒంట్లో దీని తావు చూస్తే మెదడు ముడుల్లో, ప్రధాన నాడీ దారాల్లో, కండరాలకూ పై తొడుగుకూ వెళ్లే నాడుల్లో కనిపించింది. జన్యువు గొంతు నొక్కితే పిల్ల పురుగులూ పెద్ద పురుగులూ మందకొడిగా మారాయి. సెరొటోనిన్ పోసినా చలించలేదు. మన్సూర్ ఊహించిన చోటు ఏదో చివరికి కళ్లకు కనిపించింది. అయితే ఈ గ్రాహకం కండరాన్ని నేరుగా లాగడం లేదు, కండరానికి ఆజ్ఞలు పంపే నాడుల జోరును సవరిస్తోంది. పురుగులు మందగించాయి, చావలేదు. ఈ రెండు విషయాలూ ముందుముందు అవసరమవుతాయి.

సొంత సంపాదనా, ఎరువు సొమ్మా

పురుగు ఈ సెరొటోనిన్‌ను తనే తయారుచేసుకుంటుందా, మననుంచి లాక్కుంటుందా అన్నది ఈ రంగంలో పాత తగవు. 1970లలో బెనెట్, బ్యూడింగ్ చేసిన ప్రయోగాల్లో షిస్టోసోమా సెరొటోనిన్‌ను బయటినుంచి చురుగ్గా పీల్చుకోవడం కనిపించింది. సొంతంగా తయారుచేసే శక్తికి ఆధారం దొరకలేదు. ఎరువు సొమ్ము మీదే బతుకుతోందన్న అభిప్రాయం అప్పుడు స్థిరపడింది. అది సహజంగానే తోచింది కూడా. పేగులో, రక్తంలో బతికే పురుగు చుట్టూ సెరొటోనిన్‌కు కొదవ ఉండదు. మనిషి ఒంట్లోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే ఉంటుంది. రక్తంలోది చాలావరకు రక్తఫలకికల్లో నిలవ ఉంటుంది.

1999లో హమ్దాన్, రిబీరో షిస్టోసోమానుంచి ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ జన్యువును వేరుచేయడంతో ఆ అభిప్రాయం బీటలువారింది. సెరొటోనిన్ తయారీలో మొదటి మెట్టు ఎక్కించే ఎంజైమ్ అది. ఆ జన్యువు ఉన్నప్పుడు తయారీ పురుగుకు చేతకాదని అనలేం. తర్వాత కణంలోకి సెరొటోనిన్‌ను లాగే రవాణా ప్రోటీన్ కూడా దొరికింది. కాబట్టి నేటి అంచనా ఏమిటంటే, పురుగు రెండూ చేస్తుంది. ఎలుక పేగులోని బద్దెపురుగు హైమెనోలెపిస్ విషయంలోనూ ఇదే కథ. ఈ పురుగుకు నోరూ పేగూ లేవు, చర్మంతోనే తింటుంది. ఎలుక ఆహారం తీసుకునే వేళల్ని బట్టి పేగులో పైకీ కిందికీ ప్రయాణం చేస్తుంది. ఆ ప్రయాణానికి ఆతిథేయి సెరొటోనిన్‌తో సంబంధం ఉందని 1980ల పరిశోధనలు సూచించాయి. అర్జెంటీనా పరిశోధకులు ఎకైనోకాకస్ అనే మరో బద్దెపురుగు లార్వాల్లోనూ సెరొటోనిన్‌ను చూపి, అది కదలికకే కాక ఎదుగుదలకూ తోడ్పడవచ్చన్నారు.

ఈ తగవు మందులకు ఎందుకు ముఖ్యమో చాలా సమీక్షలు దాటవేస్తాయి. తయారీని ఆపే మందు వేస్తే, పీల్చుకునే పురుగుకు లోటు రాదు. గ్రాహకాన్ని అడ్డుకునే మందు వేస్తే, అది ఆతిథేయి ఒంట్లోని సెరొటోనిన్ వెల్లువతో నిరంతరం పోటీ పడాలి. గాజుపాత్రలో బాగా పనిచేసిన అడ్డు, సెరొటోనిన్ నిండిన పేగులో ఎందుకు చతికిలబడుతుందో ఇక్కడే అర్థమవుతుంది. బల్లపరుపు పురుగుల మీద అడ్డుకునే మందులు వెతికేవాళ్లు ముందుగా జవాబు చెప్పాల్సిన లెక్క ఇది.

గుండ్రటి పురుగులో తిరగబడ్డ కథ

గుండ్రటి పురుగుల వైపు చూస్తే పరిస్థితి వేరు. 1982లో హార్విట్జ్ బృందం, మట్టిలో స్వేచ్ఛగా బతికే కీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే పురుగుకు సెరొటోనిన్ ఇస్తే నడక ఆగిపోతుందని, అదే సమయంలో గొంతు కండరం ఎక్కువగా కొట్టుకుంటుందని, గుడ్లు పెడుతుందని చూపింది. తిండి దొరికిందన్న కబురులా సెరొటోనిన్ పనిచేస్తుంది: ఆగు, తిను, గుడ్లు పెట్టు. ఏలికపాములోనూ గొంతు కండరాన్ని సెరొటోనిన్ పురికొల్పుతుంది. మొక్కల వేళ్లను పట్టే కొన్ని నులిపురుగుల్లో, కణాల్లోకి గుచ్చే సూదిలాంటి అవయవం కదలికను కూడా ఇదే రేపుతుంది. టమాటా, వంగ, దానిమ్మ రైతులకు బాగా తెలిసిన వేరుబుడిపె పురుగు కూడా అలాంటి సూదితోనే తింటుంది. కానీ ఒంటి కండరాల విషయానికొస్తే సెరొటోనిన్ మోతాదు పెరిగితే గుండ్రటి పురుగు చచ్చుబడిపోతుంది. జలగను పరుగెత్తించే అణువే నట్టను పడుకోబెడుతుంది.

ఈ తేడాకు కారణం గ్రాహకాల్లో ఉంది. 2000లో రంగనాథన్, కానన్, హార్విట్జ్ ఎలిగన్స్‌లో మాడ్-1 అనే కొత్త రకం గ్రాహకాన్ని కనిపెట్టారు. సెరొటోనిన్ తగలగానే ఇది తెరుచుకుని క్లోరైడ్ అయాన్లను లోపలికి వదులుతుంది, నాడీకణం అణగిపోతుంది. మనలోనూ సెరొటోనిన్‌తో తెరుచుకునే అయాన్ మార్గం ఒకటుంది. వాంతుల మందు ఒండాన్‌సెట్రాన్ మూసేది దాన్నే. అయితే అది సోడియం లాంటి ధన అయాన్లను వదిలి కణాన్ని ఉత్తేజపరుస్తుంది. సెరొటోనిన్ పలకరిస్తే క్లోరైడ్ తలుపు తీసే గ్రాహకం క్షీరదాల్లో లేదు. పురుగులో ఉండి మనలో లేని లక్ష్యం కావాలని మందుల పరిశోధకులు దశాబ్దాలుగా కోరుకుంటున్నారు. అలాంటిది ఒకటి ఇక్కడ దొరికింది.

ఎలిగన్స్‌లో సెరొటోనిన్ గ్రాహకాలు ఆరు. 302 నాడీకణాలున్న ఈ జీవిలో అవి పని ఎలా పంచుకుంటాయో 2023లో దాగ్ తదితరులు మొత్తం మెదడు స్థాయిలో పరిశీలించారు. నడకను నెమ్మదింపజేసే పని మాడ్-1, సెర్-4, ఎల్‌జీసీ-50 అనే మూడింటిది. మిగతా మూడూ ఆ పనిని సవరిస్తాయి. సెరొటోనిన్ ఒక్కసారిగా విడుదలైతే సెర్-4 స్పందిస్తుంది. ఆగకుండా విడుదలవుతూ ఉంటే మాడ్-1 స్పందిస్తుంది. మందు శరీరంలో గంటల తరబడి నిలిచి ఉండేది కాబట్టి, ఈ రెండో గుణం మాడ్-1 రకం గ్రాహకానికి అనుకూలంగా చెప్పుకోదగ్గ సాక్ష్యం.

ఇక నిజమైన పరాన్నజీవుల్లో సంగతి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయంలో కొమునియెకీ బృందం 2015లో ఒక తెలివైన పద్ధతి వాడింది. సెరొటోనిన్ గ్రాహకాలన్నీ తీసేసిన ఎలిగన్స్‌లో ఇతర జీవుల గ్రాహకాలను ఒక్కొక్కటిగా, నడకను శాసించే నాడుల్లోనో కండరంలోనో మొలిపించింది. గుండ్రటి పురుగుల గ్రాహకమైనా, కీటకానిదైనా, మనిషిదైనా, మనిషి గ్రాహకాల వర్గీకరణలోని మొదటి రకానికి చెందినదైతే చాలు, సెరొటోనిన్ ఆ పురుగును చచ్చుబడేసింది. అంటే పురుగును చచ్చుబడేసే దారులు రెండు: మాడ్-1 లాంటి క్లోరైడ్ మార్గాన్ని తెరవడం ఒకటి, మొదటి రకం గ్రాహకాన్ని తట్టడం మరొకటి. సెరొటోనిన్‌లా పనిచేసే అణువులతో ప్రయోగశాల జంతువుల్లో హీమాంకస్ నట్టలను వదిలించిన సందర్భాలూ ఇంతకుముందే ఉన్నాయి. ఈ సాక్ష్యం మందు కాదు. కానీ గ్రాహకాన్ని తెరవడం ద్వారా పురుగును వదిలించవచ్చన్న మాట ఊహ స్థాయి దాటిందని మాత్రం చెప్పొచ్చు.

ప్రాజిక్వాంటెల్ నేర్పిన జాగ్రత్త

సెరొటోనిన్ కథలో అందరినీ కాసేపు పక్కకు తీసుకెళ్లిన మలుపు ప్రాజిక్వాంటెల్. 1970లలో జర్మనీలో తయారైన ఈ మందు షిస్టోసోమా కండరాలను క్షణాల్లో బిగదీస్తుంది, పై తొడుగును చీలుస్తుంది. కానీ పురుగులో దేన్ని పట్టుకుంటుందో నాలుగు దశాబ్దాలు తెలియలేదు. తలా తోకా తిరిగి మొలిచే ప్లనేరియా పురుగులకు ఈ మందిస్తే రెండు తలలు మొలిచాయని 2009లో జొనాథన్ మార్చంట్ బృందం చెప్పింది. ఆ వింత ప్రభావాన్ని ఆసరా చేసుకుని ఇతర అణువులను జల్లెడ పట్టినప్పుడు, సెరొటోనిన్, డోపమిన్ గ్రాహకాలను తాకేవి చాలా బయటపడ్డాయి. ఎర్గట్ జాతి రసాయనాలు వాటిలో ముఖ్యమైనవి. తామర మొక్కలో దొరికే న్యూసిఫెరిన్, షిస్టోసోమా సెరొటోనిన్ గ్రాహకాన్ని బలంగా అడ్డుకుంటుందని 2016లో అదే బృందం చూపింది.

2017లో అసలు ఆశ్చర్యం ఎదురైంది. ప్రాజిక్వాంటెల్ తాకే సెరొటోనిన్ గ్రాహకం ఒకటి దొరికింది. అది పురుగుది కాదు, మనిషిది. రెండవ కుటుంబంలోని బి ఉపరకాన్ని ప్రాజిక్వాంటెల్ పాక్షికంగా ప్రేరేపిస్తుంది, పేగు చుట్టూ ఉన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. షిస్టోసోమా కాపురముండేది ఆ నాళాల్లోనే. మందు పడిన కొద్దిసేపటికే పురుగులు కాలేయం వైపు కొట్టుకుపోవడంలో ఆతిథేయి నాళాల ముడుపుకూ పాత్ర ఉండవచ్చన్న ఆలోచన దీన్నుంచి పుట్టింది. 2019లో ప్రాజిక్వాంటెల్ పురుగులో పట్టుకునే అసలు చోటు తెలిసింది. అది టీఆర్‌పీఎమ్ కుటుంబపు అయాన్ మార్గం, సెరొటోనిన్‌తో దానికి పని లేదు. మందుకు లొంగని పురుగుల వంశాల మీద జన్యు పరిశోధన చేసినవాళ్లు 2021లో స్వతంత్రంగా అదే మార్గం దగ్గరికి చేరారు.

దీన్నిబట్టి సెరొటోనిన్ సిద్ధాంతం ఓడిపోయిందని చెప్పేవాళ్లున్నారు. అంత తొందర అక్కర్లేదు. ప్రాజిక్వాంటెల్ సెరొటోనిన్ గ్రాహకం ద్వారా పనిచేయదని మాత్రమే తేలింది. ఆ గ్రాహకం మంచి లక్ష్యమా కాదా అన్నది వేరే ప్రశ్న, ఆ ప్రయోగాలు దాన్ని ముట్టుకోలేదు. కానీ ఒక జాగ్రత్త నిజంగానే నేర్పాయి. పురుగు మీద పనిచేసిన మందు పురుగులోనే పనిచేస్తుందని అనుకోకూడదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల 1947లో బయటపెట్టిన డైఇథైల్‌కార్బమజిన్ కథ కూడా ఇలాంటిదే. బోదకాలు మీద నేటికీ వాడుతున్న ఈ మందు గాజుపాత్రలోని సూక్ష్మ పురుగుల మీద పెద్దగా ప్రభావం చూపదు, రోగి ఒంట్లో మాత్రం వేగంగా ఊడ్చేస్తుంది. ఆతిథేయి రక్షణ వ్యవస్థ దీనికి తోడు కావాలన్నది చాలాకాలంగా ఉన్న వివరణ. 2020లో అయోవా పరిశోధకులు, ఈ మందు బోదకాలు కలిగించే బ్రూజియా పురుగు కండరాల్లోని టీఆర్‌పీ మార్గాలను నేరుగా తెరుస్తుందని కూడా చూపించారు. ఆతిథేయి, పురుగు రెండూ కలిసి పనిచేసే చోట లక్ష్యం ఒకటే ఉండాలన్న పట్టుదల పనికిరాదు.

మూయడమా, తెరవడమా

ఇప్పుడు అసలు వాదన. పురుగుల నాడీ కండరాల మీద పనిచేసే మందుల వరుస చూడండి. లెవామిసోల్, పైరాంటెల్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను తెరుస్తాయి. ఐవర్‌మెక్టిన్ గ్లుటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ మార్గాన్ని తెరిచి ఉంచుతుంది. ఎమోడెప్సైడ్ ఒక పొటాషియం మార్గాన్ని తెరుస్తుంది. మోనెపాంటెల్ మరో రకం ఎసిటైల్‌కోలిన్ జాతి గ్రాహకాన్ని తెరుస్తుంది. ప్రాజిక్వాంటెల్ కూడా ఇందాక చెప్పుకున్న టీఆర్‌పీఎమ్ మార్గాన్ని తెరిచేదే. ఇన్నిటిలో గ్రాహకాన్ని మూసేది డెర్‌క్వాంటెల్ ఒక్కటి. దాన్నీ గొర్రెలకు విడిగా కాక అబామెక్టిన్‌తో కలిపే ఇస్తారు. ఈ వరుస యాదృచ్ఛికమని అనిపించదు.

కారణం ఊహించడం కష్టం కాదు. నాడీవ్యవస్థలో ఒకే పనికి రెండు మూడు దారులుంటాయి. ఒక గ్రాహకాన్ని మూస్తే మరొకటి ఆ పని అందుకుంటుంది. మూసే మందు గెలవాలంటే అన్ని దారులూ మూయాలి. తెరిచే మందుకు ఆ బాధ లేదు. ఒక్క బలమైన మార్గం తెరుచుకుని మూతపడకపోతే కణం చేతులెత్తేస్తుంది, పక్కన ఎన్ని దారులున్నా ఉపయోగం లేదు. ఆతిథేయి సెరొటోనిన్‌తో పోటీ కూడా ఇక్కడ ఉండదు, ఆ సెరొటోనిన్ ఇదే వైపు నెడుతుంది. ఈ దృష్టితో చూస్తే గుండ్రటి పురుగుల్లో మాడ్-1 రకం మార్గం అన్ని గుర్తులూ ఉన్న లక్ష్యం. బల్లపరుపు పురుగుల్లో ఉత్తేజపరిచే గ్రాహకాన్ని మూయడం బలహీనమైన ప్రతిపాదన; ఎందుకంటే 2014 నాటి ప్రయోగంలోనే గ్రాహకం కోల్పోయిన పురుగు మందగించిందే గాని చావలేదు.

ఆతిథేయి భద్రత కూడా ఇదే వైపు తూగుతుంది. సెరొటోనిన్ గ్రాహకాల ప్రధాన కుటుంబాలు వెన్నెముక ఉన్నవీ లేనివీ విడిపోకముందే ఏర్పడ్డాయి. మనిషిలోని ఉపరకాలు ఆ తర్వాత చీలాయి. అందుకే మనిషి గ్రాహకాల పేర్లతో పురుగు గ్రాహకాలను పిలవడం దారి తప్పిస్తుంది. మనిషిలో ఒక్క ఉపరకాన్నే తాకే మందు పురుగులో దేన్నీ తాకకపోవచ్చు, లేదా ఊహించనిదాన్ని తాకవచ్చు. మన ఒంట్లో పొరపాటు గ్రాహకాన్ని తాకితే ఏమవుతుందో ఫెన్‌ఫ్లురమిన్ చూపించింది. ఒళ్లు తగ్గించే ఆ మందును గుండె కవాటాలు దెబ్బతినడం వల్ల 1997లో అమెరికాలో ఉపసంహరించారు. అందుకు కారణమైనది ఇందాక ప్రాజిక్వాంటెల్ సందర్భంలో వచ్చిన ఆ బి ఉపరకమేనని తర్వాత తేలింది. ప్రాజిక్వాంటెల్‌ను ఒకటి రెండు మోతాదులు మింగుతారు కనుక దానితో ఆ భయం లేదు. కొత్త మందు మీద పనిచేసేవాళ్లు మాత్రం ఆ ఉపరకాన్ని మొదటి రోజునుంచే పరీక్షలో పెట్టుకోవాలి.

ఎదురు వాదనలు

చచ్చుబడితే చాలా అన్నది మొదటి అభ్యంతరం. పేగులో చాలు. పట్టు తప్పిన ఏలికపామును పేగు కదలికే బయటికి తోసేస్తుంది; పైరాంటెల్ చేసేది అదే. పైగా పురుగులు పట్టిన పేగులో సెరొటోనిన్ విడుదల చేసే కణాలు పెరుగుతాయని, ఆ పెరుగుదల పురుగును గెంటేయడానికి తోడ్పడుతుందని ఎలుకల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. రక్తనాళాల్లోని పురుగుకు పట్టు తప్పితే కాలేయంలోకి కొట్టుకుపోయి రక్షణ కణాల పాలవుతుంది. బోదకాలు పురుగు మాత్రం శోషరస నాళంలో ముడుచుకుని ఉంటుంది, దాన్ని తోసే ప్రవాహం లేదు. అక్కడ తాత్కాలికంగా చచ్చుబడటం వల్ల ఒరిగేది తక్కువ. ఈ అభ్యంతరం పేగు పురుగుల విషయంలో నిలవదు. బోదకాలు విషయంలో నిలుస్తుంది.

రెండో అభ్యంతరం పై తొడుగు గురించి. గుండ్రటి పురుగు తొడుగు సెరొటోనిన్ లాంటి అణువులను తేలిగ్గా రానివ్వదు. అందుకే ప్రయోగాల్లో భారీ మోతాదులు వాడాల్సి వచ్చింది. టొలీడో బృందం అణువులు తేలిగ్గా చొరబడే తొడుగున్న పురుగు వంశాలను ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. ఇది నిజమైన ఇబ్బందే. కానీ ఐవర్‌మెక్టిన్, లెవామిసోల్ అదే తొడుగును దాటుతున్నాయి. సమస్య అణువు నిర్మాణానిది, లక్ష్యానిది కాదు.

ఎలిగన్స్ పరాన్నజీవి కాదు, దాన్ని చూసి నట్ట గురించి ఎలా చెబుతారన్నది మూడోది. ఇందులో సగం న్యాయముంది. పరాన్నజీవులు కొన్ని గ్రాహకాలను పోగొట్టుకున్నాయి, కొన్నిటిని మార్చుకున్నాయి. అయితే ఎలిగన్స్‌లో పరాన్నజీవి గ్రాహకాన్నే మొలిపించి పరీక్షిస్తే ఈ అభ్యంతరం పదును చాలావరకు తగ్గుతుంది. అప్పుడు ఎలిగన్స్ నమూనా కాదు, వేదిక మాత్రమే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం లొంగకపోవడం. తెరిచే మందుకు పురుగు చెప్పగల సులువైన జవాబు ఆ గ్రాహకాన్నే వదిలేయడం. హీమాంకస్‌లో మోనెపాంటెల్‌కు లొంగని వంశాలు సరిగ్గా అలా పుట్టాయి. 2009లో న్యూజిలాండ్‌లో మార్కెట్‌లోకి వచ్చిన మందుకు కొద్ది ఏళ్లలోనే అక్కడి మేకల్లో లొంగని పురుగులు కనిపించాయి. ప్రయోగశాలలో మాడ్-1 పోగొట్టుకున్న ఎలిగన్స్ నిక్షేపంగా బతుకుతుంది. అంటే ఈ లక్ష్యం వదులుకోగలిగినదే. దీనికి ఇప్పటికున్న జవాబు పాక్షికమే: వేరే లక్ష్యం మీద పనిచేసే మందుతో జోడించి ఇస్తే లొంగనివి పుట్టే వేగం తగ్గుతుంది. మూసే మందుకు ఈ విషయంలో ఒక మేలు ఉందని ఒప్పుకోవాలి. గ్రాహకం పోతే పురుగుకే నష్టమైనప్పుడు, దాన్ని వదిలేయడం దారి కాదు.

ఇక లక్ష్యాన్ని పక్కనబెట్టి, బతికున్న పురుగుల మీద వేల రసాయనాలు వేసి చూడాలనే వాళ్ల మాట. ప్రాజిక్వాంటెల్, ఐవర్‌మెక్టిన్, డైఇథైల్‌కార్బమజిన్, మూడూ లక్ష్యం తెలియకుండానే దొరికాయి. ఆ చరిత్రకు ఎదురు చెప్పేదేమీ లేదు. కానీ ఆ పద్ధతి ఆతిథేయి తోడ్పాటు అవసరమైన మందును గాజుపాత్రలో పట్టుకోలేదు. సుబ్బారావు మందు ఈ రోజు అలాంటి జల్లెడలో పడితే జారిపోయేది. రెండు పద్ధతులూ ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి గనుక ఒకదాన్ని వదులుకోవాల్సిన అవసరం లేదు.

ఇంకా తేలనివి

బల్లపరుపు పురుగుల్లో సెరొటోనిన్‌తో నేరుగా తెరుచుకునే అయాన్ మార్గాల సంగతి స్పష్టం కావాలి. అలాంటిది ఉంటే మూయడం బలహీనమన్న పై వాదన ఆ జాతి వరకు తిరగరాయాల్సి వస్తుంది. ఉత్తేజపరిచే గ్రాహకాన్ని మూయకుండా, విడవకుండా తెరిచి ఉంచితే జలగ ఏమవుతుందన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. ప్రాజిక్వాంటెల్ చేసేది కూడా ఒక ఉత్తేజాన్ని హద్దు దాటించడమే. ఎకైనోకాకస్‌లో ఎదుగుదల మీద సెరొటోనిన్ ప్రభావం నిజమైతే, కదలికను కొలిచే పరీక్షలు అసలు విషయాన్ని చూడకుండా పోతున్నాయని అర్థం.

మాడ్-1 విషయంలో అన్నిటికంటే ముందు తేలాల్సింది ఒకటే. గాజుపలక మీద బ్యాక్టీరియా తింటూ బతికే పురుగుకు ఈ గ్రాహకం లేకపోయినా గడిచిపోతుంది. సెరొటోనిన్ ఎప్పుడూ పారుతుండే పేగులో, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు తినాలో తెలియకుండా ఒక పరాన్నజీవి నెగ్గుకురాగలదా అన్నది వేరే లెక్క. నెగ్గుకురాలేకపోతే, గ్రాహకాన్ని వదిలేసి మందును తప్పించుకునే దారి దానికి మూసుకుపోతుంది, పైన చెప్పిన బరువైన అభ్యంతరం తేలికవుతుంది. దీన్ని పరీక్షించే పనిముట్టు ఉంది. స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగులో క్రిస్పర్‌తో జన్యువులను తెగ్గొట్టడం 2017నుంచి సాధ్యమవుతోంది. మాడ్-1 తెగ్గొట్టిన లార్వాలను, తెగ్గొట్టనివాటితో కలిపి, ఒకే ఆతిథేయిలోకి పంపి, పేగు చేరి గుడ్లు పెట్టినవి ఎన్నో లెక్కపెట్టాలి.